తాడుకు చేర్చిన జానెడు

నా గిర్మిట్‌లో రెండో ఏడు, ఎనిమిదో నెల, పదమూడో రోజు. గురువారం. పొద్దున ఎనిమిదింపావు. ఆ వేళ మొదలైన బరువును నేను యాభై ఆరేళ్ళుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఇంగ్లీషు తారీఖు నాకు తెలుసు. రాయను. ఆ రోజుల్లో మేము కాలాన్ని అలా లెక్కపెట్టలేదు. ఐదేళ్ళ కూలి ఒప్పందం మీద వేలిముద్ర వేసి, ఈ దీవుల చెరకు తోటలకు మద్రాసులో ఓడెక్కినవాళ్ళం. ఆ ఒప్పందాన్నే గిర్మిట్ అనేవాళ్ళం. ఓడ దిగిన రోజు ఒకటో రోజు. ఐదేళ్ళు నిండిన రోజు చివరిది. మధ్యలో పని పూర్తికాని రోజు లెక్కలోకి రాదు. దాన్ని చివర మళ్ళీ చేయాలి. అందుకని ఎవరి రోజులు వాళ్ళు దాచుకున్నంత జాగ్రత్తగా బంగారం కూడా ఎవరూ దాచుకోలేదు.

నేను వేలిముద్ర వేయలేదు. సంతకం చేశాను. మిషను బడిలో నాలుగేళ్ళు చదివాను. లెక్కలు బాగా వచ్చేవి. మా కూలీ లైనులో, ఒకే వరస గదుల్లో, నలభై రెండు మందిమి ఉండేవాళ్ళం, అందరి రోజులూ నా దగ్గర ఉండేవి. సాయంత్రం వంట దగ్గర ఆడవాళ్ళు నన్ను ఆటపట్టించేవారు. "కరణం గారూ, నాకింకా ఎన్నాళ్ళు రాసుందో సూసి సెప్పండి" అని ఒకతె. "దానికి ఆరేల్లు ఎయ్యండి కరణం గారూ, మొగుడు మీద బెంగ నేదు" అని ఇంకొకతె. నేను నవ్వకుండా చెప్పేదాన్ని. తప్పు ఎప్పుడూ రాలేదు. నా లెక్క తప్పదని అందరికీ తెలుసు. ఈ మాట గొప్పకు రాయడం లేదు. నా నేరం ఆ నమ్మకం మీదే జరిగింది.

ఇప్పుడు కొలకర్ర సంగతి చెప్పాలి.

లబాసా ఊరి దగ్గర వాయిలేవు తోటలో చెరకు పనిని కర్రతో కొలిచి ఇచ్చేవారు. మగవాడికి సాలులో నలభై కర్రల పొడవున కలుపు తీయడం ఒక రోజు పని. దాన్ని టాస్కు అనేవాళ్ళం. ఒప్పందంలో టాస్కు అని ఉంది, కర్ర పొడవెంతో రాయలేదు. నేను వచ్చిన మొదటి నెలలోనే, పాత కులంబర్ ఉన్నప్పుడు, ఆ కర్రను కొలిచాను. కులంబర్ అంటే మా పని చూసే తెల్లదొర. కొలవడానికి కారణమేమీ లేదు. కొలవని వస్తువు చుట్టూ తిరగడం నాకు కష్టం, అంతే. ఇక్కడ వావు అనే చెట్టు నారతో తాడు పేని, కర్ర పొడవునా పట్టి, నా మోచేతి నుంచి వేలి చివరికి ఒక్కో మూరకూ ఒక్కో ముడి వేశాను. సరిగ్గా ఏడు మూరలు. రెండో కొస పట్టుకున్నది సూరన్న.

సూరన్న నాతో పాటు అదే ఓడలో వచ్చాడు. ఒకే ఓడలో వచ్చినవాళ్ళు ఇక్కడ జహాజీలు. అంటే తోబుట్టువుల కింద లెక్క. వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళి సంబంధాలు కూడా కలుపుకోరు. నాకు ఇరవై ఏళ్ళు, అతనికి పంతొమ్మిది. నన్ను అక్కా అనేవాడు. నా పాప తండ్రి పాప పుట్టకముందే జ్వరంతో పోయాడు. పాప పుట్టిన రోజు కట్టెలు తెచ్చింది, నీళ్ళు తెచ్చింది, గుమ్మం బయట కూర్చుని ఏడ్చింది సూరన్నే. మేనమామ చేయవలసినవన్నీ చేశాడు.

పాపకు మూడో నెలలో కొత్త కులంబర్ వచ్చాడు. జర్మనీవాడు. ఇరవై ఆరేళ్ళు. సన్నగా, శుభ్రంగా ఉండేవాడు. కొరడా పట్టేవాడు కాదు. కేకలు వేసేవాడు కాదు. పాత దొర తాగి కొట్టేవాడు, అందుచేత మేము ఈయన వచ్చినందుకు సంతోషించాం. జేబులో గడియారం, చేతిలో చిన్న పుస్తకం. అతని పేరు నాకు అక్షరం అక్షరం తెలుసు. రాయను. మేము జర్మన్ దొర అనేవాళ్ళం.

అతను వచ్చిన పదో రోజున పాత కర్ర పుచ్చిపోయిందని కొత్త కర్ర వచ్చింది. ఆ వారం నుంచి పొద్దుగూకినా జనం సాళ్ళలోనే ఉన్నారు. అందరూ తమ ఒంట్లో ఏదో జబ్బు అనుకున్నారు. ఒకడు దిష్టి అన్నాడు. సూరన్న మాత్రం నా దగ్గరకు వచ్చి, "అక్కా, నా నడుం అబద్దం సెప్పదు. సాలు పెరిగింది" అన్నాడు.

మధ్యాహ్నం, మాతో పని చేయించే సర్దారు అన్నం తినే వేళ చూసి కొత్త కర్రను నా తాడుతో కొలిచాను. ఏడు మూరలా ఒక జాన.

ఒక జానే కదా అనిపిస్తుంది. నలభై కర్రలకు నలభై జానలు. అంటే ఇరవై మూరలు. మూడు కర్రలకు ఒక్క మూర తక్కువ. చచ్చీచెడీ నలభై చేసేవాడు దాదాపు నలభై మూడు చేయాలి. చేయలేకపోతే ఆ రోజు గిర్మిట్‌లో లేదు. మనిషిని కొట్టకుండా, తిట్టకుండా, ఒక కర్రతో అతని ఆయుష్షులోంచి రోజు తీసుకోవచ్చు. జర్మన్ దొర తెలివి అది. ఆ లెక్క నాకు అర్థమైన క్షణంలో, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కోపం కంటే ముందు మెచ్చుకోలు కలిగింది. ఎంత చిన్న మార్పు. ఎవరికీ కనిపించని మార్పు. నాలాంటి బుర్రే అనుకున్నాను.

సూరన్న ఆగలేదు. కూలీల ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు రాయించాడు. కర్ర పెరిగింది, మా అక్క దగ్గర పాత కొలత తాడు ఉంది, గురువారం వచ్చి చూడండి అని. పాత కర్ర ఇప్పుడు లేదు. ఒప్పందంలో పొడవు లేదు. దేశంలో ఆ పాత పొడవుకు సాక్ష్యం నా తాడొక్కటే.

మంగళవారం సాయంత్రం నాలుగింటికి సర్దారు వచ్చాడు. "ఏ మద్రాజిన్! సాహెబ్ బులావే హై. జల్దీ చల్, తేరీ రస్సీ బడీ మశ్‌హూర్ హో గయీ" అని నవ్వాడు. దొర పిలుస్తున్నాడట, నా తాడుకు పేరొచ్చిందట. పాపను చంకనేసుకుని వెళ్ళాను.

దొర నన్ను కూర్చోమన్నాడు. అంతకుముందు ఏ దొరా కూలిదాన్ని కూర్చోమనలేదు. తాడు గురించి అడగలేదు. పాప వయసు అడిగాడు. ఏడో నెల అన్నాను. తన చిన్న పుస్తకం తీసి, ఈ ఏడు మా లైనులో ఎంతమంది పిల్లలు పుట్టారో, ఎంతమంది మిగిలారో చదివాడు. ఆరుగురు పుట్టారు. ముగ్గురు మిగిలారు. తల్లులు పిల్లల్ని సాలు చివర గోనె మీద పడుకోబెట్టి పని చేసేవారు. చీమలు, ఎండ, వాన. ఆ లెక్క నాకూ తెలుసు. కానీ తెల్లవాడి నోట, అంత నెమ్మదిగా వినడం వేరు.

తరువాత అతను చెప్పింది ఇది. పిల్లల షెడ్డు చూసే ముసలామె గిర్మిట్ పోయినేడే అయిపోయింది, అప్పటినుంచి షెడ్డు మూసే ఉంది. ఆ పనికి లెక్క తెలిసిన ఆడమనిషి కావాలి. రోజంతా నీడలో ఉండాలి, తన బిడ్డ కూడా తన దగ్గరే ఉంటుంది. శుక్రవారం నుంచి మనిషిని పెట్టాలి. ఎవరన్నది గురువారం నాడు చూసి నిర్ణయిస్తాను. కొలత విషయంలో జాగ్రత్త కలిగిన మనిషి అయితే బాగుంటుంది.

అంతే. అబద్ధం చెప్పమనలేదు. తాడు తెమ్మనలేదు, కాల్చమనలేదు. బెదిరించలేదు. నేను లేచేటప్పుడు పాప బుగ్గ మీద చిటికెన వేలితో ఒకసారి రాశాడు. ఆ తరువాత ఎన్నో ఏళ్ళకు నాకు అర్థమైంది, పై మెట్టుకు వెళ్ళే మనుషులు ఎలా మాట్లాడతారో. వాళ్ళ మాటల్లో మీరు పట్టుకోదగ్గ ముక్క ఒక్కటీ ఉండదు. పని మాత్రం జరిగిపోతుంది. చేసింది మీరే అవుతారు.

మంగళవారం రాత్రీ, బుధవారం పగలూ చేయాలా వద్దా అని ఆలోచించానని చెబితే అబద్ధం. ఆలోచించలేదు. ఎలా చేయాలన్నదే ఆలోచించాను. తాడు పోయిందని చెప్పవచ్చు. కానీ అప్పుడు సూరన్న మాట సగం నిలుస్తుంది, ఇన్‌స్పెక్టరు అనుమానంతో వెళతాడు, దొరకు మచ్చ మిగులుతుంది. సగం పని నాకు చేతకాదు.

బుధవారం సాయంత్రం ఐదింటికి, లైను వెనక వంట పొగలో కూర్చుని ముడులన్నీ విప్పాను. జానెడు కొత్త నార పేని అతికించాను. కొత్త నార తెల్లగా ఉంటుంది కనుక మసి, కొబ్బరినూనె కలిపి తాడంతా రుద్దాను. మళ్ళీ ఏడు ముడులు సమానంగా వేయాలి. జానకు పన్నెండు వేళ్ళ వెడల్పు. దాన్ని ఏడింటికి పంచాలి. ఒక్కో మూరకు ఒక వేలూ ముప్పావుకు కాస్త తక్కువ. పంచాను. ఎంతో నీటుగా వచ్చింది. నా జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకొకటి లేదు.

ఒక్కటే లోపం. ఆ తాడు మీద మూర ఇప్పుడు నా మూర కాదు. ఎవరైనా నా చేయి పట్టి ముడి పక్కన పెడితే చాలు. వేలి చివర ముడికి అందదు. నేను పట్టుబడతాను.

గురువారం ఎనిమిదింపావు. మిల్లు ఈల అప్పుడే ఆగింది. చెరకు మోసే ట్రాము పట్టాల పక్కన అందరం నిలబడ్డాం. ఇన్‌స్పెక్టరు గుర్రం దిగాడు. దొర ఒక అడుగు వెనక, చేతులు కట్టుకుని. సూరన్న ముందు నిలబడి ఉన్నాడు, చొక్కా ఉతుక్కుని వేసుకున్నాడు. నేను పాపను ఎడమ చంకన వేసుకుని తాడు ఇచ్చాను.

తాడును కర్ర పక్కన పరిచారు. కొసకు కొస సరిపోయింది. జనంలో ఒక చప్పుడు లేచింది. మాట కాదు, ఊపిరి.

ఇన్‌స్పెక్టరు ముడి పట్టుకుని ఇదేమిటన్నాడు. మూర అన్నాను. ఎవరి మూర అన్నాడు. నాది అన్నాను. అంతవరకు వచ్చాడు. ఇంకొక్క ప్రశ్న. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే. నా కుడి చేయి దానంతట అదే వెనక్కి వెళ్ళి కొంగు కిందికి పోయింది.

ఇన్‌స్పెక్టరు అది చూడలేదు. సూరన్న చూశాడు.

మొదటి ఏడు ఆ తాడు రెండో కొస పట్టుకున్నది అతనే. నా మోచేయి ఎక్కడ పెట్టానో, వేలు ఎక్కడికి వచ్చిందో, ముడి ఎక్కడ పడిందో అతనికి తెలుసు. నా దగ్గరకు రెండడుగులు వేశాడు.

"అక్కా, ఇది ఆ తాడేనా?"

"ఆ తాడే తమ్ముడూ."

"నీ సెయ్యి పెట్టి కొలిసిన తాడేనా?"

"అదే."

నా కొంగు వైపు చూశాడు. తరువాత పాపను చూశాడు. పాప అతన్ని గుర్తుపట్టి చేతులు చాచింది. ఎప్పుడూ అలాగే చాచేది. అతను ఆ వేలు ఒకటి పట్టుకుని వదిలేశాడు. వెనక్కి తిరిగి ఇన్‌స్పెక్టరుతో అన్నాడు: "నాదే తప్పు దొరా. కర్ర సరిగ్గానే ఉంది. నేనే తప్పు కొలిసినాను."

అతనికి ఒక్క మాట చాలు. ఆమె చేయి పెట్టించండి దొరా అంటే చాలు. కర్ర మారేది. నలభై మంది రోజులు మిగిలేవి. నేను తప్పుడు సాక్ష్యానికి జైలుకు వెళ్ళేదాన్ని. పాప ఎవరి సాలు చివరో గోనె మీద ఉండేది. అతను ఎంత సేపు ఆలోచించాడు? నేను లెక్క పెట్టలేదు. లెక్క పెట్టనిది అదొక్కటే.

తప్పుడు ఫిర్యాదు చేశాడని, కూలీలను రెచ్చగొట్టాడని సోమవారం కోర్టులో మూడు నెలల జైలు వేశారు. శుక్రవారం నుంచి నేను పిల్లల షెడ్డులో ఉన్నాను.

దొర మాట తప్పలేదు. అతను ఎప్పుడూ మాట తప్పేవాడు కాదు. నీడ, చాప, నీళ్ళు, రోజుకు రెండుసార్లు పాలు. నా చేతికింద తొమ్మిది మంది పిల్లలు పెరిగారు. వాళ్ళలో ఒక్కరూ పోలేదు. ఈ లెక్కను ఎదుటి పళ్ళెంలో వేసి తూచుకోవాలని ఎన్నిసార్లు ప్రయత్నించానో. తూగదు. వాళ్ళను బతికించడానికి ఒక షెడ్డు చాలు. అబద్ధం అక్కర్లేదు.

ఇంకొకటి కూడా రాయాలి. నెల తిరక్కుండా దొర షెడ్డు గోడకు ఒక నల్లబల్ల పెట్టించాడు. సాయంత్రం ఎవరి టాస్కు అయిందో, ఎవరిది కాలేదో సర్దారు చెప్తే సుద్దతో గీయడం నా పని. వరుసకొక మనిషి, గడికొక రోజు. నేనే అలా గీద్దామన్నాను. అతను చాలాసేపు ఆ బల్లను చూశాడు. తన పుస్తకంలో అలాగే గీసుకున్నాడు. ఆరు నెలల్లో తోటలోని మూడు విభాగాల్లోనూ అలాంటి బల్లలు వచ్చాయి. వాటితో పాటు మా కర్ర పొడవుకు కొత్త కర్రలు కూడా.

సూరన్న భార్య రాములమ్మ అప్పటికి నిండు నెలలతో ఉంది. ఆ గురువారం తరువాత ముప్పై మూడో రోజున కొడుకును కన్నది. వారం తిరిగేసరికి పనికి రమ్మన్నారు. నేను ఎదురు వెళ్ళి బిడ్డకు చేతులు చాచాను. ఆమె కేకలు వేయలేదు. "నువ్వు కొలిసిన నీడ నా బిడ్డకొద్దు" అని సాళ్ళలోకి వెళ్ళిపోయింది. ఆమెకు భర్త చెప్పాడో, తానే ఊహించిందో నాకు తెలియదు. రోజూ షెడ్డు ముందు నుంచే నడిచి వెళ్ళేది. రోజూ చేతులు చాచేదాన్ని. తరువాత చాచడం మానేశాను. బిడ్డ సాలు చివర గోనె మీద, వాన పట్టిన రోజున చలిజ్వరం తెచ్చుకుని పోయాడు. ఆ సాయంత్రం రాములమ్మ టాస్కు పూర్తి కాలేదు. బల్ల మీద గడి ఖాళీగా వదలాలి. వదిలాను.

సూరన్న జైలు నుంచి వచ్చేసరికి బిడ్డ పోయి ముప్పై ఏడు రోజులు. అతన్ని మా లైనుకు రానివ్వకుండా ఉత్తరాన వాయినికోరో తోటకు పంపారు. రాములమ్మను అక్కడికి చేర్చడానికి ఇంకో నలభై రోజులు పట్టింది.

జర్మన్ దొర ఎదుగుదల నా కళ్ళముందే మొదలైంది. పాప మొదటి అడుగు వేసిన నెలలో అతను తోట మొత్తానికి మేనేజరయ్యాడు. తక్కువ మందితో ఎక్కువ పని, ఒక్క దెబ్బ లేదు, ఇన్‌స్పెక్టరు దగ్గర మచ్చ లేదు. పాపకు పాలపళ్ళు ఊడుతున్నప్పుడు రాజధాని సువాలో కంపెనీ పెద్ద ఆఫీసుకు వెళ్ళాడు. అతని వంటవాడు అప్పలసామి వచ్చినప్పుడల్లా వార్తలు తెచ్చేవాడు. "మీ బల్లలు సువాలో కూడా పెట్టించాడమ్మా, గుమాస్తాలు కూడా గీతల్లోనే కూకుంటన్నారు" అని నవ్వేవాడు. పెద్ద యుద్ధానికి ఏడాది ముందు దొర తన దేశం వెళ్ళిపోయాడు. ఆ తరువాత నలభై ఏళ్ళకు పైగా నాకేమీ తెలియదు.

ఆ మధ్యలో ఒకసారి సూరన్న కనిపించాడు. లబాసా బజారులో, వంకాయలు అమ్ముతూ. పాపకు అప్పుడు పన్నెండేళ్ళు, నా వెంట లేదు. జుట్టు నెరిసింది. నన్ను చూసి తక్కెడ కింద పెట్టాడు. "పాప బాగుందా?" అన్నాడు. బాగుంది, చదువుకుంటోంది అన్నాను. తల ఊపాడు. అక్కా అనలేదు. అప్పుడు చెప్పి ఉండవచ్చు. మనుషులు ఎక్కువ లేరు. తమ్ముడూ, నేను ముడులు విప్పాను అని నాలుగు మాటలు. నేను వంకాయలు ఏరుకున్నాను. పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. ఆ తరువాత నాలుగేళ్ళకు పోయాడని విన్నాను.

మూడేళ్ళ కిందట సంగతి. అప్పటికే నేను నమాకాలో కూతురి ఇంట్లో ఉంటున్నాను. మనవరాలు బడిలో టీచరు. ఇక్కడి పిల్లలు అమ్మమ్మను నానీ అంటారు. ఒక శనివారం పదకొండింటికి ఇంగ్లీషు పేపరు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "నానీ, దేఖో! ఈ బుడ్ఢా మన వాయిలేవులో కులంబర్ అంట! ఇప్పుడు జర్మనీలో పెద్ద కంపెనీకి చైర్మన్ అంట! నిన్ననే మన ఎయిర్‌పోర్టులో దిగాడు!"

ఫోటో చూశాను. చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

మా వీధి నుంచి విమానాశ్రయం నడిచి వెళ్ళే దూరం. ఆస్ట్రేలియా వెళుతూ రెండు రోజులు ఆగాడట. పేపరులో అతని జీవితమంతా ఉంది. మనవరాలు చదువుతూ ఉంటే నేను మనసులో పక్కన కూతురి వయసు వేసుకుంటూ వచ్చాను. కూతురి పెళ్ళి ఏడు అతను హాంబర్గులో డైరెక్టరు. ఈ మనవరాలు పుట్టిన ఏడు పెద్ద డైరెక్టరు. రెండో యుద్ధం అయ్యాక నాలుగో ఏడు, కూతురికి నలభై రెండు, బోర్డుకు చైర్మన్. ఎన్నో వేలమంది అతని కింద పని చేస్తున్నారట.

ఆఖరున విలేకరి అడిగాడట, ఇంత దూరం ఎలా వచ్చారని. అతను ఒక కథ చెప్పాడు. కుర్రతనంలో ఈ దీవుల్లో తన నిజాయితీ మీద ఫిర్యాదు వచ్చిందట. ఒక కూలి స్త్రీ, తన కొలత తాడు తెచ్చి, అధికారి ఎదుట అతని కర్రను కొలిచిందట. వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయిందట. ఆ రోజు నుంచి తన కింద అధికారులందరికీ అదే చెబుతాడట: ఎవరు ఏ తాడుతో కొలిచినా సరిపోయేలా ఉండండి అని.

అతనికి అది నిజమేనా? అలా చెప్పుకుంటూ చెప్పుకుంటూ నిజమైపోయిందా? లేక అతనికి అంతా గుర్తుండి, నవ్వుకుంటూ చెప్పాడా? మూడేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. తేలలేదు. ఒకటి మాత్రం తెలుసు. ఆ కుర్చీకి ఒక కాలు నా జానెడు నార.

నా కూతురు పక్కనే కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. "ఎంత గట్టి మనిషమ్మా ఆ ఆడది! దొర కర్రనే కొలిచింది. అమ్మా, నువ్వూ ఆ తోటలోనే కదా ఉన్నావు. ఆవిడ నీకు తెలుసా?" అంది.

"తెలియదు" అన్నాను.

మధ్యాహ్నం ఉతికిన చీర కట్టుకుని వరండాలో కూర్చున్నాను. అతను దిగిన హోటలుకు వెళ్ళాలని. మూడింటి దాకా కూర్చున్నాను. వెళ్ళి ఏమి అడుగుతాను? అతను నన్ను అబద్ధం చెప్పమనలేదు. కర్ర మార్చింది అతను, ఆ పాపం అతని లెక్క. తాడు మార్చింది నేను. అతని ఎదుట నిలబడితే మేమిద్దరం పాత పనివాళ్ళలా పలకరించుకుంటామేమోనని భయం వేసింది. విమానం వెళ్ళిన చప్పుడు విన్నాను. చీర మార్చుకున్నాను.

నా కూతురు పదకొండు వారాల కిందట పోయింది. గుండెజబ్బు. ఆమెకు యాభై ఆరేళ్ళు నిండి ఏడు నెలలు దాటాయి. తన బతుకు ఎవరి రోజులతో కొన్నదో ఆమెకు తెలియకూడదని ఇన్నాళ్ళు ఆగాను. అలాగని చెప్పుకున్నాను. నిజంగా అందుకేనా? ఆమె నన్ను చూసే చూపు మారకూడదని కాదూ? ఇప్పుడు ఆ చూపు లేదు. దాచడానికి సాకూ లేదు.

మళ్ళీ ఆ బుధవారం సాయంత్రం వస్తే ముడులు విప్పుతానా? ఈ ప్రశ్నకు మీరు జవాబు కోసం ఎదురు చూస్తారని తెలుసు. పాప ఒంటి బరువు నా చంకన ఇంకా ఉంది. విప్పనని రాయలేను. విప్పుతానని రాయడానికి చేయి రావడం లేదు. క్షమించమని అడగడం లేదు. అడగవలసిన ఇద్దరూ లేరు. రాములమ్మ కూడా వాయినికోరోలోనే పోయింది. చెప్పాను, అంతే. చెప్పిన తరువాత ఊపిరి కొంచెం కిందిదాకా పోతోంది. ఆ మాత్రం చాలు.

పోయినవి రాస్తాను. మా లైను వరకే, ఆ గురువారం నుంచి నా గిర్మిట్ ఆఖరు రోజు దాకా, బల్ల రాకముందు నా నోటి లెక్క, వచ్చాక నేనే వదిలిన ఖాళీ గడుల ప్రకారం. మిగతా తోటలవి నాకు తెలియవు.

నేనూ సూరన్నా కాక మిగిలిన నలభై మందికి కలిపి వెయ్యి మూడువందల పద్దెనిమిది రోజులు. అంటే మూడేళ్ళా రెండువందల ఇరవై మూడు రోజులు.

సూరన్నకు జైల్లో తొంభై రెండు రోజులు. అవి అతని గిర్మిట్ చివర మళ్ళీ చేశాడు.

సూరన్న కొడుకు. ఇరవై ఆరు రోజులు బతికాడు. తండ్రి వచ్చాక పెడదామని పేరు పెట్టలేదు.